అతుకు ఎముకా, క్యాన్సరా: పెళుసు ఎముకల వ్యాధిలో ఒక సందేహం చరిత్ర

ఎముక విరిగిన చోట శరీరం తనంతట తాను పోసుకునే కొత్త ఎముకను వైద్యులు కాలస్ అంటారు. తెలుగులో దానిని అతుకు ఎముక అనవచ్చు. విరిగిన కొనల మధ్య మొదట రక్తం గడ్డకట్టి, అందులోకి మెత్తని పీచు కణజాలమూ మృదులాస్థీ చేరి, అవి క్రమంగా సున్నం పట్టి గట్టిపడి, చివరకు ఆ ఎముక తన పాత రూపానికి దగ్గరగా చెక్కుకోవడం ఈ ప్రక్రియలోని దశలు. పుత్తూరు కట్టుకైనా, ఆసుపత్రిలో వేసే పిండికట్టుకైనా ఆధారం ఇదే, ఎందుకంటే కట్టు చేసేది విరిగిన కొనలను కదలకుండా పట్టి ఉంచడమే తప్ప అతికించే పని శరీరానిదే. అయితే పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే వ్యాధిగ్రస్తులలో కొద్దిమందికి ఈ అతుకు ఎముక ఆగవలసిన చోట ఆగక, వారాల వ్యవధిలో తొడ చుట్టూ పెద్ద గడ్డగా పెరుగుతుంది. దీనికి హైపర్‌ప్లాస్టిక్ కాలస్, అంటే మితిమీరి పెరిగిన అతుకు ఎముక, అని పేరు. ఇది క్యాన్సర్ కాదు, కాని చూపుకూ, చేతి స్పర్శకూ, ఎక్స్‌రేకూ, ఒక్కోసారి సూక్ష్మదర్శినికి కూడా ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరుచేసి చెప్పడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్లకు పైగా పట్టింది, ఆ కాలంలో అవసరం లేకుండా కాళ్లు పోగొట్టుకున్నవారి ప్రస్తావన వైద్యగ్రంథాలలో ఉంది.

పెళుసు ఎముకల వ్యాధికి నేటి శాస్త్రీయ నామం ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా, అంటే ఎముక నిర్మాణం అసంపూర్ణంగా జరగడం. దాదాపు 10,000 నుంచి 20,000 జననాలకు ఒకరిలో కనిపించే ఈ వ్యాధిని కుటుంబ వ్యాధిగా తొలిసారి వివరంగా నమోదు చేసినవాడు స్వీడన్ సైనిక శస్త్రవైద్యుడు ఓలోఫ్ యాకోబ్ ఎక్మన్. ఆయన 1788లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో మూడు తరాలుగా ఎముకలు తేలికగా విరుగుతూ వచ్చిన ఒక కుటుంబాన్ని వర్ణించాడు. 1833లో స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన యోహాన్ లోబ్‌స్టైన్ పెద్దవారిలో కనిపించే రూపానికి వేరే పేరు పెట్టగా, 1849లో ఆమ్‌స్టర్‌డామ్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త విల్లెమ్ వ్రోలిక్ అనేక ఎముకలు విరిగి పుట్టిన ఒక శిశువు అస్థిపంజరాన్ని పరిశీలించి, నేటికీ వాడుకలో ఉన్న నామాన్ని ఇచ్చాడు. ఆ తరువాతి దశాబ్దాలలో కంటి తెల్లగుడ్డు నీలిరంగుకు తిరగడం, నడివయసుకు ముందే చెవుడు రావడం, పళ్లు పెళుసుబారడం ఈ వ్యాధి గుర్తులుగా ఒక్కొక్కటే చేరాయి. నీలి కన్ను వైద్యులకు ఎంత బలమైన గుర్తుగా నాటుకున్నదంటే, అది లేని రోగిలో పెళుసు ఎముకల వ్యాధిని అనుమానించడమే అరుదైపోయింది, ఆ అలవాటు ఈ చరిత్రలో ఎంత నష్టం చేసిందో ముందు తేలుతుంది.

మరోవైపు ఎముక క్యాన్సర్‌కు వేరే చరిత్ర ఉంది. ఆస్టియోసార్కోమా అన్న మాటను 1805లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ బోయే వాడుకలోకి తెచ్చాడు. ఇది ఎముకను తయారుచేసే కణాలే క్యాన్సర్‌గా మారి, అదుపు లేకుండా ముడి ఎముకను పోసే వ్యాధి. ఎక్కువగా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల మధ్య వయసువారికి, అందులోనూ మోకాలి చుట్టుపక్కల వస్తుంది. రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకుతుంది. 1970ల్లో మందులతో చికిత్స స్థిరపడేంతవరకు అవయవాన్ని తొలగించడం తప్ప మరో దారి లేదు, అలా తొలగించినా ఐదేళ్లు బతికినవారు నూటికి ఇరవై మందికి మించలేదు. ఒక బాలుడి తొడ మీద వారాల్లో పెరిగిన గట్టి గడ్డను చూసిన 1920ల నాటి శస్త్రవైద్యుడి మనఃస్థితిని ఈ అంకెల వెలుగులోనే అర్థం చేసుకోవాలి. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుందన్న భయం న్యాయమైనదే, కనుక పొరపాటు జరిగితే అది కాలు తీసివేసే వైపే జరిగేది. అందుచేత ఆనాటి తప్పు నిర్ణయాలను కేవలం అజ్ఞానంగా కొట్టివేయడం సమంజసం కాదు. అవి తెలిసిన ప్రమాదాన్ని తప్పించే తొందరలో తెలియని వ్యాధి మీద పడిన దెబ్బలు.

ఆ తొందరకు కళ్లెం వేయడానికి మొదట పూనుకున్నవాడు బోస్టన్ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఎమరీ కాడ్‌మన్. 1920 దశకం మొదట్లో ఆయన ఎముక సార్కోమాల నమోదు పట్టికను స్థాపించి, అమెరికా వైద్యులు తమ రోగుల వివరాలను అక్కడికి పంపేటట్లు చేశాడు. అందులో ఆయన పట్టుబట్టిన నియమం ఈనాటికీ పాతబడలేదు: రోగి చరిత్ర, ఎక్స్‌రే చిత్రం, సూక్ష్మదర్శిని కింద చూసే కణజాలపు పలక, ఈ మూడూ కలిసి ఉంటేనే నిర్ధారణకు విలువ. కణితి ఎముక పైపొరను ఎత్తివేసినప్పుడు ఎక్స్‌రేలో కనిపించే కోణాకార ఛాయ ఆయన పేరుతోనే కాడ్‌మన్ త్రికోణమని ప్రసిద్ధమైంది. ఆ త్రికోణం క్యాన్సర్‌కే ప్రత్యేకం కాదనీ, పైపొరను త్వరగా ఎత్తే ఏ స్థితిలోనైనా, చీముపట్టిన ఎముకలోనైనా, కనిపించవచ్చనీ క్రమంగా అర్థమైంది.

మితిమీరిన అతుకు ఎముకను వర్ణించిన తొలి రచనగా నేడు పరిగణించేది 1908లో లండన్‌లో విలియం హెన్రీ బ్యాటిల్, శామ్యూల్ షాటక్ రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ ముందుంచిన నివేదికను. ఒక రోగికి తొడ ఎముక విరిగిన తరువాత అక్కడ పెద్ద ఎముక గడ్డ పెరిగి, ఆపై ఇతర ఎముకల మీద కూడా అలాంటివే లేచాయి. దానిని వారు స్పంజి వంటి ఎముకతో విస్తరించిన నిరపాయమైన గడ్డగా భావించారు. పేరు సరిపోకపోయినా వారి పరిశీలనలో రెండు విషయాలు కీలకమైనవి: గడ్డకు మూలం ఎముక విరగడం, అది ఒక్క చోటితో ఆగక పలు ఎముకల మీద కనిపించడం. ఒక ఎముకలో పుట్టే క్యాన్సర్ సాధారణంగా ఒక్క చోటనే మొదలవుతుంది, కనుక ఈ రెండో విషయం అప్పుడే కొత్త ఆలోచనకు దారి తీయవలసింది. కాని నాటికి ఆ రోగినీ పెళుసు ఎముకల వ్యాధినీ ఒకే దారంతో కట్టే జ్ఞానం లేకపోవడంతో, నివేదిక చాలాకాలం విచిత్రాల జాబితాలోనే ఉండిపోయింది.

ఈ గడ్డ క్యాన్సర్‌ను ఎంతగా పోలుతుందో వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే సమస్య అంతా ఆ పోలికలోనే ఉంది. రోగి సాధారణంగా పిల్లవాడు లేదా యౌవనంలోకి అడుగుపెట్టినవాడు. అంటే ఆస్టియోసార్కోమా వచ్చే వయసే. ఎక్కువసార్లు గడ్డ లేచేది తొడ ఎముక మీద. క్యాన్సర్ ఎక్కువగా వచ్చేదీ ఆ ఎముకే. చర్మం వేడెక్కి, నిగనిగలాడుతూ బిగుసుకుంటుంది, నొప్పి తీవ్రంగా ఉంటుంది, కొందరికి జ్వరం వస్తుంది. రక్తపరీక్షలో ఎముక తయారీ జోరును తెలిపే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమూ, వాపును సూచించే ఇ.ఎస్.ఆర్. కూడా పెరుగుతాయి, క్యాన్సర్‌లోనూ ఇవి పెరగవచ్చు. కొందరిలో ముందుగా ఎముక విరిగిన ఆధారం దొరుకుతుంది, కొందరిలో శస్త్రచికిత్స తరువాత గడ్డ మొదలవుతుంది, మరికొందరిలో ఏ గాయమూ లేకుండానే లేస్తుంది. విరగని ఎముక మీద అతుకు ఎముక పెరిగిందంటే నమ్మడం ఏ వైద్యుడికైనా కష్టమే.

1940ల్లో ఇంగ్లండులో ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం పద్ధతిగా మొదలైంది. 1946లో మాంచెస్టర్ రోగవిజ్ఞాన శాస్త్రవేత్త ఎస్.ఎల్. బేకర్ పెళుసు ఎముకలున్న ఇద్దరు రోగులలో సార్కోమాను పోలిన అతుకు ఎముకను వర్ణిస్తూ వ్యాసం ప్రచురించాడు. ఆ పోలికను శీర్షికలోనే ప్రకటించడం గమనించదగినది, ఎందుకంటే అది తోటి రోగవిజ్ఞానులకు చేసిన హెచ్చరిక. 1948లో లండన్ అస్థివైద్యుడు సర్ థామస్ ఫెయిర్‌బ్యాంక్ బేకర్ సూక్ష్మదర్శిని పరిశీలనలను జోడించుకుని, ఎముక విరిగినా విరగకపోయినా ఈ వ్యాధిలో అతుకు ఎముక మితిమీరి పెరగవచ్చునని వాదించాడు. పుట్టుకతో వచ్చే అస్థి వ్యాధుల చిత్రాలను జీవితాంతం సేకరించి, 1951లో వాటిని ఒక పెద్ద చిత్రగ్రంథంగా వెలువరించిన ఫెయిర్‌బ్యాంక్ ఒక ఎముకను కాక అస్థిపంజరం మొత్తాన్ని చూడటం అలవాటైనవాడు, అందుకే ఈ ప్రశ్నలో ఆయన మాటకు బరువుంది. 1953లో స్ట్రాచ్ అనే వైద్యుడు అప్పటిదాకా వెలువడిన రోగుల వివరాలన్నిటినీ ఒకచోట చేర్చి సమీక్షించిన నాటికి, మితిమీరిన అతుకు ఎముక ఒక ప్రత్యేక స్థితి అన్న విషయం అస్థివైద్యుల లోకంలో స్థిరపడింది.

బేకర్ ఎదుర్కొన్న ఇబ్బంది సూక్ష్మదర్శినిది కాదు, దాని కిందికి వచ్చిన ముక్కది. మామూలుగా విరిగిన ఎముక దగ్గర రెండు మూడు వారాల నాటి అతుకు ఎముకలోంచి చిన్న ముక్క తీసి చూసినా, అందులో కణాలు కిక్కిరిసి, వేగంగా విభజన చెందుతూ, అడ్డదిడ్డంగా ముడి ఎముకను పోస్తూ కనిపిస్తాయి. చరిత్ర తెలియని రోగవిజ్ఞాని దానిని క్యాన్సర్ అని చదివే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పెళుసు ఎముకల వ్యాధిలో ఆ కణజాలం నీరు పట్టి ఉబ్బి, జిగురు పదార్థంలో తేలే పీచు కణాలతో, మృదులాస్థి ముక్కలతో మరింత కలవరపెడుతుంది. అసలు తేడా కణాల ఆకృతిలో ఉంటుంది: క్యాన్సర్ కణాల కేంద్రకాలు ఒకదానికొకటి పొంతన లేకుండా, వికృతంగా, అసహజ విభజనలతో ఉంటాయి, అతుకు ఎముక కణాలు ఎంత తొందరలో ఉన్నా వాటిలో ఆ వికృతి ఉండదు. అయితే ఈ తేడాను ఒక బియ్యపుగింజంత ముక్కలో పట్టుకోవడానికి ఎంతో అనుభవం కావాలి.

ఇక్కడ సెయింట్ లూయిస్ రోగవిజ్ఞాని లారెన్ అకర్‌మన్ 1958లో చేసిన సహాయం గొప్పది. ఆయన రాసింది పెళుసు ఎముకల వ్యాధి గురించి కాదు, దెబ్బ తగిలిన కండరంలో ఎముక పుట్టే స్థితి గురించి. అలాంటి నిరపాయమైన గడ్డలో పరిణతి బయటి నుంచి లోపలికి సాగుతుందనీ, అంచున చక్కగా రూపుదిద్దుకున్న ఎముక, మధ్యలో ఇంకా పచ్చి కణజాలం ఉంటాయనీ, ఆస్టియోసార్కోమాలో ఇది తలకిందులై పచ్చి కణాలు అంచునే ముందుకు దూసుకుపోతుంటాయనీ ఆయన చూపించాడు. గాయం వల్ల పుట్టిన ఎముకకు ఒక క్రమం, ఒక హద్దు ఉంటాయన్న ఈ సూత్రం ఎక్స్‌రే చదివేవారికి కూడా ఉపయోగపడింది. దీనిలోనే ఒక ఆచరణ సూచన దాగి ఉంది: గడ్డ నడుమ నుంచి మాత్రమే ముక్క తీసి పంపితే నిరపాయమైనది కూడా భయంకరంగా కనిపిస్తుంది, కనుక అంచు నుంచి లోపలి దాకా వరుసగా వచ్చేటట్లు కణజాలం తీయాలి.

అయినప్పటికీ, పెళుసు ఎముకల వ్యాధిగ్రస్తుడికి వచ్చిన ప్రతి గడ్డా నిరపాయమైనదే అని తేల్చేయడానికి వీలు లేదు. 1940లోనే జువెల్, లాఫ్‌స్ట్రమ్ ఈ వ్యాధిలో ఎముక సార్కోమా వచ్చిన రోగిని వర్ణించారు. 1967లో క్లెనర్‌మన్, ఆయన సహచరులు బ్రిటన్‌లో ఇద్దరు రోగులలో ఆస్టియోసార్కోమాను నమోదు చేశారు, 1979లో అమెరికా నుంచి మరొకటి వెలువడింది. ఆ తరువాత కూడా అడపాదడపా అలాంటి నివేదికలు వచ్చాయి. వాటి సంఖ్య చాలా తక్కువ, కాని ఒక్కటైనా నిజమైతే చాలు, వైద్యుడి పని ఇబ్బందికరమవుతుంది. 1971లో బాంటా, ఆయన సహచరులు ఆస్టియోసార్కోమాను అనుకరించిన అతుకు ఎముక గురించి రాసిన వ్యాసం, దానికి నాలుగేళ్ల ముందు అదే వ్యాధిలో నిజంగా వచ్చిన ఆస్టియోసార్కోమా గురించిన వ్యాసం, రెండూ ఒకే వైద్యపత్రికా కుటుంబంలో వెలువడ్డాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివే శస్త్రవైద్యుడికి ఆనాడు దొరికే సమాధానం వేచిచూడమనీ కాదు, కోయమనీ కాదు. ముందు ఆ రోగిది ఏ రకం పెళుసు ఎముకల వ్యాధో తెలియాలి. అది తెలుసుకునే సాధనం అప్పటికి లేదు.

సాధనం వచ్చిన దారిలో ఒక మలుపు మద్రాసులో ఉంది. ఎముకలోని సున్నపు పదార్థానికి ఆధారంగా ఉండే పీచు ప్రోటీన్ కొల్లాజెన్. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఆ ప్రోటీన్ మూడు పోగులు పేనిన తాడులా ఉంటుందని ప్రతిపాదించి, మరుసటి ఏడాది దానిని మరింత సవరించారు. ఆ పేనిక బిగువుగా కుదరాలంటే ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసిన్ అనే అతిచిన్న అమైనో ఆమ్లమే ఉండాలని ఆ నిర్మాణం తెలియజేసింది. 1979లో ఆస్ట్రేలియాలో డేవిడ్ సిలెన్స్, ఆయన సహచరులు పెళుసు ఎముకల వ్యాధిని తీవ్రతను బట్టి, వంశంలో సంక్రమించే తీరును బట్టి నాలుగు రకాలుగా విభజించారు. 1983లో డార్విన్ ప్రాకప్ బృందం పుట్టిన వెంటనే ప్రాణం తీసే రూపంలో కొల్లాజెన్ జన్యువులోనే ఒక భాగం లోపించిందని చూపించింది. ఆ తరువాత ఎంతోమంది రోగులలో గ్లైసిన్ ఉండవలసిన చోట మరో పెద్ద అమైనో ఆమ్లం చేరి పేనికను చెడగొట్టినట్లు బయటపడింది. మద్రాసు ప్రయోగశాలలో కాగితం మీద గీసిన నిర్మాణం ఒక పసిబిడ్డ ఎముక ఎందుకు విరుగుతుందో చెప్పగలగడం భారతీయ విజ్ఞాన చరిత్రలో గర్వించదగిన ఘట్టం.

అయినా మితిమీరిన అతుకు ఎముక రహస్యం కొల్లాజెన్‌లో దొరకలేదు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో ష్రైనర్స్ ఆసుపత్రి వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లోరియూ తన రోగులలో కొందరు, వారిలో అతుకు ఎముక గడ్డలు లేచినవారూ, సిలెన్స్ విభజనలో ఇమడకపోవడం గమనించి, 2000లో ఏడుగురిని వర్ణిస్తూ వారి వ్యాధిని ఐదో రకంగా వేరుచేశాడు. వారి కళ్లు తెల్లగానే ఉన్నాయి, పళ్లు మామూలుగానే ఉన్నాయి, కొల్లాజెన్ జన్యువులలో దోషమేదీ కనిపించలేదు. నీలి కంటి కోసం వెతికే వైద్యుడికి ఈ పిల్లలలో పెళుసు ఎముకల వ్యాధి స్ఫురించదు. తరుచుగా ఎముకలు విరిగే అల్లరి పిల్లవాడి తొడ మీద కొత్తగా గడ్డ లేచిందని మాత్రమే అనిపిస్తుంది. పొరపాటుకు పునాది ఇక్కడే ఉంది. అయితే ఆ ఏడుగురిలోనూ వేరే గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ముంజేతిలోని రెండు ఎముకలను కలిపే పల్చటి పొర సున్నం పట్టి గట్టిపడటంతో వారు అరచేతిని పూర్తిగా పైకి తిప్పలేరు. తీర్థం పట్టుకునేటప్పుడు చేయి మొత్తాన్ని తిప్పి సర్దుకోవలసి వస్తుంది. కొందరిలో మోచేయి దగ్గర ఒక ఎముక తల కీలు తప్పి ఉంటుంది. పెరిగే పిల్లల ఎముకల కొనల దగ్గర ఎక్స్‌రేలో తెల్లని పట్టీ కనిపిస్తుంది. సూక్ష్మదర్శిని కింద ఎముక పొరలు వరుసగా కాక వల అల్లికలా ఉంటాయి. 2007లో అదే ఆసుపత్రి బృందం ఈ రకం రోగులలో అతుకు ఎముక గడ్డ ఎలా పుట్టి, ఎలా పెరిగి, ఎలా చల్లబడుతుందో దీర్ఘకాలం గమనించిన వివరాలను ప్రకటించింది. ఎక్కువగా గడ్డ లేచేది తొడ ఎముక మీదేనని అందులోనూ తేలింది.

ముంజేతి పొర గట్టిపడటం తెలుగు ప్రాంతపు వైద్యులకు వేరే కారణంగా చిరపరిచితం. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో ఫ్లోరైడ్ నీటి వల్ల ఎముకలు దెబ్బతిన్నవారిని వర్ణించారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మనుషులలో గుర్తించిన తొలి అధ్యయనం అది. ఆ తరువాత నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌కు మారుపేరైంది. ఆ వ్యాధి ముదిరినప్పుడు స్నాయువులూ, ముంజేతి ఎముకల మధ్య పొరా సున్నం పట్టడం ఎక్స్‌రేలో ప్రధాన గుర్తు. రెండు వ్యాధులకూ సంబంధం లేదు, ఫ్లోరోసిస్‌లో ఎముకలు సాంద్రమై చిక్కగా కనిపిస్తాయి, పెళుసు ఎముకల వ్యాధిలో పల్చగా కనిపిస్తాయి. కాని ఒకే గుర్తును ఫ్లోరైడ్ ప్రాంతంలో ఫ్లోరోసిస్‌గా చదివే అలవాటు సహజం. పదేపదే ఎముకలు విరిగిన చిన్న పిల్లవాడి ముంజేతిలో అదే కనిపిస్తే ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టవలసి ఉంటుంది.

ఐదో రకానికి మూలమైన జన్యువు 2012లో దొరికింది. దక్షిణ కొరియాలో చో బృందం, జర్మనీలో జెమ్లర్ బృందం విడివిడిగా, ఒకే ఏడాది, ఒకే మార్పును ప్రకటించాయి. ఎముకను పోసే కణాలు తయారుచేసే బ్రిల్ అనే చిన్న ప్రోటీన్‌కు సంకేతమిచ్చే ఐ.ఎఫ్.ఐ.టి.ఎం.5 అనే జన్యువులో, ప్రోటీన్ పాఠం మొదలయ్యే చోటికి 14 స్థానాల ముందు ఉన్న ఒక్క అక్షరం మారడంతో, పాఠం కాస్త ముందుగానే మొదలై ఆ ప్రోటీన్ తలకు ఐదు అమైనో ఆమ్లాలు అదనంగా అతుక్కుంటాయి. ఆశ్చర్యకరమైన సంగతి ఏమంటే, వేర్వేరు దేశాలలో, వేర్వేరు జాతులలో ఉన్న ఐదో రకం రోగులలో దాదాపు అందరిలోనూ మార్పు అదొక్కటే. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే సంతానంలో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది, కొన్ని కుటుంబాలలో కొత్తగా పుట్టుకొస్తుంది. ఒకే కుటుంబంలో ఒకరికి పెద్ద గడ్డలు లేచి, మరొకరికి అసలు లేవకపోవడం కూడా ఉంది. 1908 నాటి నివేదిక నుంచి 2012 దాకా 104 ఏళ్లు వెదికిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు కొద్ది చుక్కల రక్తంలో దొరుకుతుంది.

ఈ పరిజ్ఞానంతో నేటి వైద్యుడు గడ్డను చూసే తీరు మారింది. అతుకు ఎముక గడ్డ సాధారణంగా ఎముక నడిభాగంలో పుడుతుంది, మొదట ఎక్స్‌రేలో మసక వాపుగా, తరువాత దూదిపింజెల్లా, చివరకు గట్టి అంచున్న ఎముకగా కనిపిస్తుంది. లోపలి అసలు ఎముక గోడ చెక్కుచెదరదు. సి.టి. స్కాన్ ఆ గట్టి అంచునూ, చెడని గోడనూ బాగా చూపుతుంది. ఎం.ఆర్.ఐ. మాత్రం చుట్టుపక్కల కండరాలలోకి పాకిన నీరును క్యాన్సర్ విస్తరణలా చూపి భయపెట్టగలదు, కనుక ఒక్క దాని మీదే ఆధారపడటం మంచిది కాదు. క్యాన్సర్ ఎముక గోడను తొలుస్తుంది, ఎముక కొన దగ్గర పుడుతుంది, వారాలు గడిచేకొద్దీ ముదరడమే తప్ప పరిణతి చెందదు. ముంజేతి గుర్తులూ, జన్యుపరీక్షా ఐదో రకమని తేల్చి, స్కాన్‌లో గోడ చెక్కుచెదరలేదని తెలిసినప్పుడు, కొద్ది వారాల ఎడంతో మళ్లీ చిత్రం తీసి పరిణతిని గమనించడం సురక్షితమైన మార్గం. బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, కూడా గాయమే కనుక గడ్డను మరింత రెచ్చగొట్టే అవకాశం ఉంది. అయితే గోడ తొలిచినట్లు కనిపించినా, గడ్డ తీరు ఎక్కడైనా అసహజంగా తోచినా బయాప్సీని వాయిదా వేయకూడదు. నేడు మందులతో, అవయవాన్ని నిలిపే శస్త్రచికిత్సతో, వ్యాపించని ఆస్టియోసార్కోమా రోగులలో నూటికి అరవై నుంచి డెబ్బై మంది దాకా ఐదేళ్లు బతుకుతున్నారు, ఆలస్యం ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది.

చికిత్స విషయంలో చరిత్ర అంత ఉజ్జ్వలంగా లేదు. పూర్వం గడ్డను కరిగించడానికి కొందరు వైద్యులు రేడియేషన్‌ను ప్రయత్నించారు. ఎముకలో క్యాన్సర్‌ను పుట్టించగల శక్తి రేడియేషన్‌కు ఉందని తెలిసిన తరువాత ఆ దారి మూతపడింది. వాపు తగ్గించే ఇండోమెథసిన్ వంటి మందులను వాడి చూశారు. 1998లో గ్లోరియూ బృందమే ప్రాచుర్యంలోకి తెచ్చిన పామిడ్రోనేట్ అనే బిస్‌ఫాస్ఫోనేట్ మందు పెళుసు ఎముకలున్న పిల్లల నొప్పినీ ఎముకలు విరగడాన్నీ తగ్గించి ఎంతో మేలు చేసింది గాని, పెరుగుతున్న గడ్డను ఆపడంలో దానికి నమ్మదగిన ఫలితం లేదు. చాలా గడ్డలు కొన్ని నెలలకు వాటంతట అవే చల్లబడి గట్టిపడతాయి, కొన్ని కుదించుకుంటాయి, కొన్ని జీవితాంతం అలాగే మిగిలిపోయి కీలు కదలికకు అడ్డుపడతాయి.

ఈ చరిత్ర అంతటిలోనూ పొరపాటు జరిగిన చోటు ఒక్కటే: గడ్డను రోగి నుంచి విడదీసి చూసినప్పుడు. షాటక్ నుంచి బేకర్ దాకా ఎవరి సూక్ష్మదర్శినీ అబద్ధం చెప్పలేదు, దాని ముందుకు ఒక పిల్లవాడి తొడ ముక్క వచ్చింది గాని ఆ పిల్లవాడి ముంజేయి, అతని విరిగిన ఎముకల లెక్క, అతని తల్లిదండ్రుల ఎత్తూ చేతుల వంపూ రాలేదు. నిర్ధారణను చివరకు నిలబెట్టినది కొత్త యంత్రం కంటే ముందుగా, మాంట్రియల్‌లో ఏడుగురు పిల్లలను తల నుంచి పాదం దాకా చూసిన శ్రద్ధ. కాడ్‌మన్ పట్టుబట్టిన మూడు ఆధారాల నియమాన్ని తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులలో ప్రతి ఎముక బయాప్సీకీ పాటించాలి. కణజాలపు ముక్కతో పాటు ఎక్స్‌రేలూ, ఇంతకుముందు ఎన్ని ఎముకలు విరిగాయన్న వివరమూ రోగవిజ్ఞానికి చేరాలి, తరుచుగా ఎముకలు విరిగే పిల్లల తల్లిదండ్రులు ఆ వివరాన్ని అడగకముందే వైద్యుడికి చెప్పాలి, తొడ మీద గడ్డతో వచ్చిన అలాంటి ప్రతి పిల్లవాడికీ కత్తి పట్టకముందు ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయాలి.